మొదటి కాన్పు సిజేరియన్, ఇప్పుడు మాయ కింద ఉందంటున్నారు: ఏం తెలుసుకోవాలి, ఎక్కడ కాన్పు చేయించుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. నా వయసు 29 సంవత్సరాలు, ఇది నాకు రెండో కాన్పు. నాలుగేళ్ల క్రితం మా బాబు సిజేరియన్ ద్వారా పుట్టాడు. ఉమ్మనీరు కొంచెం తగ్గిందని డాక్టరు గారు చెప్పడంతో, నొప్పుల కోసం ఎదురుచూడకుండా పెద్దలు ముహూర్తం చూసి ఆ రోజుకే ఆపరేషన్ చేయించారు.

ఇప్పుడు నాకు 21 వారాలు. గత వారం టిఫా స్కాన్ చేయించుకున్నాను. బిడ్డ అవయవాలు, ఎదుగుదల బాగున్నాయని రాశారు గాని, రిపోర్టు చివర ‘యాంటీరియర్ ప్లాసెంటా, కంప్లీట్ ప్లాసెంటా ప్రీవియా’ అని ఉంది. స్కాన్ చేసినవారు ‘మాయ కింద ఉందమ్మా, జాగ్రత్త’ అని ఒక్క మాట అన్నారు. మా డాక్టరు గారు 32 వారాలకు మళ్లీ స్కాన్ చేద్దామన్నారు. బయట చాలామంది వేచి ఉండడంతో అంతకంటే ఎక్కువ అడగలేకపోయాను.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బాబును ఎత్తుకుని మేడ మెట్లు ఎక్కడం వల్లనే మాయ జారిందని మా అత్తయ్య బాధపడుతున్నారు. కాన్పు అయ్యేదాకా మంచం దిగవద్దని మా అమ్మ అంటోంది. ఏడో నెల వచ్చేసరికి అదే పైకి పోతుందని, పట్టించుకోవద్దని పక్కింటి ఆవిడ చెబుతున్నారు. ఇంతవరకు నాకు రక్తస్రావం కాలేదు. నా హిమోగ్లోబిన్ 9.4, బ్లడ్ గ్రూపు బి నెగటివ్, మావారిది పాజిటివ్. ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి పంపాలనుకుంటున్నారు. మా అమ్మవాళ్ల ఊరు ఇక్కడికి 90 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాలంటే గంటకు పైగా పడుతుంది.

ఇది నా వల్ల జరిగిందా? మాయ నిజంగా పైకి పోతుందా? నేను మంచం మీదే ఉండాలా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసే వైద్యురాలు)

అమ్మా, ముందుగా మీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాను. మీరు చేసిన ఏ పని వల్లా ఇది జరగలేదు. మాయ జారదు. పిండం గర్భాశయం గోడకు అతుక్కునే తొలి రోజుల్లోనే, అంటే నెల తప్పిందని మీకు తెలిసేలోపే, మాయ ఏ చోట ఏర్పడుతుందన్నది చాలావరకు నిర్ణయమైపోతుంది. బాబును ఎత్తుకోవడం వల్లనో, మెట్లు ఎక్కడం వల్లనో, బొప్పాయి తినడం వల్లనో అది కిందికి రాదు. ఈ మాట మీ అత్తయ్య గారికి కూడా చదివి వినిపించండి. ఇలాంటి సమయంలో ఇంట్లో తప్పు ఎవరిదన్న చర్చ మొదలైతే, చేయవలసిన పనులు వెనకబడతాయి. గతంలో సిజేరియన్ కావడం, గర్భస్రావం తర్వాత గర్భసంచి శుభ్రం చేయించుకుని ఉండడం, ఎక్కువ కాన్పులు కావడం, తల్లి వయసు 35 దాటడం, కవలలు ఉండడం, ఐవీఎఫ్ గర్భం, పొగ తాగడం వంటివి ఉన్నవారిలో మాయ కింద ఏర్పడే అవకాశం కొంత ఎక్కువ. మీకు వర్తించేది వీటిలో మొదటిది మాత్రమే.

ఇక మాయ పైకి పోతుందా అన్న సంగతి. మీ పక్కింటి ఆవిడ చెప్పింది చాలామంది విషయంలో నిజమే. సుమారు 20 వారాల స్కాన్‌లో మాయ కింద కనిపించినవారిలో పది మందికి తొమ్మిది మందిలో కాన్పు నాటికి అది గర్భాశయ ద్వారానికి దూరమవుతుంది. నిజానికి మాయ తాను అతుక్కున్న చోటును విడిచి నడిచి వెళ్లదు. బూర మూతి దగ్గర సిరా చుక్క పెట్టి గాలి ఊదితే ఆ చుక్క మూతికి దూరమైనట్టు, చివరి నెలల్లో గర్భాశయం కింది భాగం సాగుతుంది గనుక మాయ అంచు పైకి జరిగినట్టు కనిపిస్తుంది. అయితే అంచు మాత్రమే ద్వారం దగ్గరగా ఉన్నవారికి ఉన్నంత అవకాశం, మీ రిపోర్టులో ఉన్న ‘కంప్లీట్ ప్రీవియా’లా మాయ ద్వారాన్ని పూర్తిగా కప్పి ఉన్నవారికి ఉండదు. పాత సిజేరియన్ కోత ఉన్నవారిలో అది మరింత తగ్గుతుంది. కాబట్టి ఆ పదిలో తొమ్మిది అన్న లెక్కను మీరు యథాతథంగా మీకు అన్వయించుకోవద్దు.

మీ రిపోర్టులో నా దృష్టిని ఎక్కువగా ఆకర్షించిన మాట ‘ప్రీవియా’ కాదు, ‘యాంటీరియర్’. మాయ గర్భాశయం ముందు గోడ మీద, కింది భాగంలో ఉందని దాని అర్థం. మొదటి కాన్పులో కోత పెట్టింది కూడా సరిగ్గా అక్కడే. కోత మానిన చోట గర్భాశయం లోపలి పొర పలచగా, అతుకులుగా ఉంటుంది. మామూలుగా ఆ పొర మాయకూ కండరానికీ నడుమ అడ్డుగా నిలుస్తుంది, కాన్పు అయ్యాక మాయ సులువుగా ఊడి రావడానికి అదే కారణం. ఆ అడ్డు లేని చోట మాయ నేరుగా కండరానికి అంటుకుపోవచ్చు, కండరంలోకి చొచ్చుకుపోవచ్చు, అరుదుగా గర్భాశయాన్ని దాటి మూత్రాశయం వరకు కూడా పోవచ్చు. దీనిని ‘ప్లాసెంటా ఆక్రీటా’ అంటారు. మీకు అది ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో చూడమని అడగవలసిన స్థితిలో మీరు ఉన్నారని మాత్రమే చెబుతున్నాను.

2006లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనాన్ని మేము ఇప్పటికీ లెక్కకు తీసుకుంటాం. మాయ కింద ఉన్నవారిలో, అంతకుముందు ఒక సిజేరియన్ అయినవారికి సుమారు 11 శాతం, రెండు అయినవారికి 40 శాతం, మూడు అయినవారికి 61 శాతం మేర ఈ అతుక్కుపోయే సమస్య కనిపించింది. అంటే మీలాంటి వారిలో తొమ్మిది మందికి ఒకరు అనుకోండి. మిగిలిన ఎనిమిది మందికీ ఆ ఇబ్బంది ఉండదు, కానీ ఆ ఒక్కరు మనమేనా అన్నది ముందుగా తెలియడానికీ, ఆపరేషన్ బల్ల మీద తెలియడానికీ చాలా తేడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. ఇన్ని మొదటి కోతల భారం రెండో, మూడో కాన్పుల్లో మాయ సమస్యలుగా మా ముందుకు వస్తోంది. అందుకే ఈ విషయం మీ ఒక్కరి కోసమే కాకుండా ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి 32 వారాల వరకు ఆగకుండా, అనుభవం ఉన్న ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డకు సంబంధించిన వైద్యం) నిపుణులతో గాని, ఇలాంటి కేసులు తరచుగా చూసే రేడియాలజిస్టుతో గాని ఇంకో స్కాన్ చేయించండి. ‘పాత కోత ఉంది, మాయ ముందు వైపు కింద ఉంది, అతుక్కున్న లక్షణాలు ఏమైనా ఉన్నాయా’ అని సూటిగా అడగండి. లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్ అవసరమంటే భయపడకండి. మాయ కింద ఉన్నప్పుడు అది ప్రమాదమన్న అపోహ చాలామందిలో ఉంది. జాగ్రత్తగా చేస్తే అది సురక్షితం, మాయ అంచుకూ ద్వారానికీ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవడానికి పొట్ట మీద చేసే స్కాన్ కంటే అదే నమ్మదగినది. ప్రమాదకరమైనది చేతి వేళ్లతో చేసే లోపలి పరీక్ష. మాయ ఎక్కడ ఉందో తెలియకుండా దానిని ఎవరూ చేయకూడదు.

హిమోగ్లోబిన్ 9.4 అన్నది మీ పరిస్థితిలో వెంటనే సరిచేయవలసిన అంకె. కనీసం 11 ఉండాలి. రక్తం పోయే అవకాశం ఉన్న మనిషికి ముందే ఉన్న నిల్వ చాలా విలువైనది. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో గాని, క్యాల్షియం మాత్రతో కలిపి గాని వేసుకోకండి. మాత్రలతో పెరగకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్ గురించి మీ డాక్టరు గారిని అడగండి. మీది నెగటివ్ గ్రూపు గనుక, కొద్దిపాటి రక్తస్రావం అయినా 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ (పాజిటివ్ గ్రూపు బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో ప్రతిరక్షకాలు తయారు కాకుండా ఆపేది) అవసరమవుతుంది. ఈ సంగతిని ఆసుపత్రికి వెళ్లగానే మీరే గుర్తు చేయండి.

మంచం మీద ఉండవలసిన అవసరం లేదు. పూర్తి విశ్రాంతి వల్ల రక్తస్రావం ఆగుతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదు, పైగా నెలల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇంటి పనులు నెమ్మదిగా చేసుకోండి, బరువైన పనులు మానండి, దాంపత్య సంబంధం కాన్పు వరకు వద్దు. పుట్టింటికి వెళ్లే విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను. ఈసారి మీరు అమ్మ దగ్గరకు వెళ్లడం కాదు, అమ్మే మీ దగ్గరకు రావాలి. శ్రీమంతం మీ ఇంట్లోనే చేసుకోవచ్చు.

సమాధానం 2 (రెండేళ్ల క్రితం ఇదే స్థితిని దాటిన తల్లి, గుంటూరు జిల్లా)

చెల్లీ, మా వైపు దీనిని మావి కిందకు ఉండడం అంటాం. నాది మొదటి కాన్పే, కోత ఏదీ లేదు, అయినా మావి ద్వారాన్ని కప్పేసింది. 28 వారాల వరకు ఏ ఇబ్బందీ లేకపోవడంతో మేమందరం ఆ సంగతి దాదాపు మరిచిపోయాం. 30వ వారంలో ఒక రాత్రి నిద్రలో తడిగా అనిపించి లేచి చూస్తే పక్క అంతా ఎర్రగా ఉంది. నొప్పి అన్నది రవ్వంత కూడా లేదు. నొప్పి లేదు గనుక తెల్లవారాక వెళదామని మా మామయ్య గారు అన్నారు. మావారు మాత్రం వినకుండా వెంటనే 108కు ఫోన్ చేశారు. ప్రీవియాలో రక్తం నొప్పి లేకుండానే పోతుందని, నొప్పి లేకపోవడం ధైర్యం ఇచ్చే సంగతి కాదని తర్వాత డాక్టరు గారు చెప్పారు. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచు.

దగ్గరలో ఉన్న చిన్న ఆసుపత్రికి ముందు తీసుకెళ్లారు. అక్కడ డ్యూటీలో ఉన్నవారు నొప్పులేమో చూద్దామని చేతికి గ్లవ్స్ తొడుక్కుంటుంటే, మావారు స్కాన్ రిపోర్టు వాళ్ల ముందు పెట్టి ఆపించారు. ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉండి ఉంటే ఏం జరిగేదోనని ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా ఒక్కటే చెబుతున్నాను: రిపోర్టు, బ్లడ్ గ్రూపు కాగితం, మాతా శిశు సంరక్షణ కార్డు ఒక సంచిలో పెట్టి తలుపు పక్కనే తగిలించు. ఫోటోలు మీ ఆయన ఫోన్‌లోనూ, నీ ఫోన్‌లోనూ ఉంచు.

పెద్దాసుపత్రికి పంపించాక రక్తం దానంతటదే తగ్గింది. బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. మా ఊరు దూరం గనుక ఇంటికి పంపకుండా అక్కడే ఉంచారు. అలా దాదాపు ఆరు వారాలు ఆసుపత్రి మంచం మీదే గడిపాను. మధ్యలో ఇంకోసారి కొద్దిగా రక్తం కనిపించింది. 36 వారాలు నిండాక ఆపరేషన్ చేశారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. పాప 2 కిలోల 300 గ్రాములతో పుట్టింది, ఇప్పుడు ఇల్లంతా పరుగెడుతోంది. ఆ ఆరు వారాలు ఇంటి మీద బెంగతో ఎంతో ఏడ్చాను గాని, ఇప్పుడు ఆలోచిస్తే అదే నా ప్రాణాన్ని నిలబెట్టిందని అనిపిస్తుంది.

సమాధానం 3 (ఒక సోదరుడు, హనుమకొండ)

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక సంగతి చేర్చాలని రాస్తున్నాను. రక్తస్రావం అంటే కంటికి కనిపించేదే అనుకునే పొరపాటు మా ఇంట్లో జరిగింది. మా అక్కకు మాయ పైనే, సరైన చోటే ఉంది. ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది, కాళ్లు వాచాయి, అది గర్భిణులకు మామూలే అనుకున్నాం. ఒక మధ్యాహ్నం పొట్ట చెక్కలా గట్టిపడి, విడవకుండా నొప్పి వచ్చింది. బయటకు కనిపించిన రక్తం నల్లగా, చాలా కొద్దిగా ఉంది. బిడ్డ కదలిక తగ్గిందని అక్క చెబుతూనే ఉన్నా, నొప్పులు మొదలైనట్టున్నాయని ఇంకో రెండు గంటలు ఇంట్లోనే ఉంచాం. మాయ బిడ్డ పుట్టకముందే గోడ నుంచి ఊడిపోయిందని, రక్తమంతా దాని వెనకే నిలిచిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు.

దీనిని అబ్రప్షన్ అంటారని అప్పుడే తెలిసింది. అధిక బీపీ, పొట్టకు దెబ్బ తగలడం, పొగాకు వంటివి దీనికి కారణాలవుతాయట. మీకు చెప్పేది ఒక్కటే అమ్మా: రిపోర్టులో మాయ కింద ఉందని రాసినా, పైన ఉందని రాసినా, బీపీ చూపించుకోవడం మానవద్దు. తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట గట్టిపడి వదలకపోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా గడియారం చూస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సోదరుడు గారూ, మీ అక్కగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. డాక్టరు గారి జవాబును అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు గాని, సాయంత్రం బాబును తనే ఎత్తుకుని మేడ మీదకు తీసుకెళ్లారు.

హైదరాబాద్‌లో ఇంకో స్కాన్‌కు వచ్చే వారం సమయం ఇచ్చారు. ఈలోపు రెండు సందేహాలు. ఒకవేళ మాయ అతుక్కుందని చెబితే గర్భసంచి తీసేయవలసి వస్తుందా? రెండోది, ఎలాగూ ఆపరేషనే కదా, మంచి రోజు చూసి పెట్టుకుందామని మా మామయ్య గారు అప్పుడే పంచాంగం తీశారు. వారికి ఏమని చెప్పాలి?

సమాధానం 4 (వైద్యురాలు మళ్లీ)

మొదటి సందేహానికి దాచకుండా చెబుతాను. మాయ లోతుగా చొచ్చుకుపోయిందని తేలితే, చాలా సందర్భాల్లో బిడ్డను బయటకు తీశాక మాయను కదిలించకుండా గర్భాశయంతో పాటు తొలగించడమే తల్లికి సురక్షితమైన మార్గం. అతుక్కున్న మాయను బలవంతంగా లాగితే నిమిషాల్లో లీటర్ల కొద్దీ రక్తం పోతుంది. ముందుగా తెలియని కేసుల్లో తల్లులు ప్రమాదంలో పడేది అక్కడే. అతుక్కున్న భాగం చిన్నదైతే ఆ భాగాన్ని మాత్రమే తీసి గర్భాశయాన్ని కాపాడే ప్రయత్నం కొన్ని కేంద్రాల్లో చేస్తారు, అది అందరికీ సాధ్యం కాదు. మీకు ఇంకో బిడ్డ కావాలన్న కోరిక ఉంటే దానిని ఆపరేషన్‌కు ముందే, సంతకాల రోజున కాకుండా ప్రశాంతంగా కూర్చుని, శస్త్రచికిత్స చేసేవారితో మాట్లాడండి. అండాశయాలను సాధారణంగా ఉంచేస్తారు గనుక, గర్భాశయం తీసినంత మాత్రాన వెంటనే హార్మోన్లు ఆగిపోవు. నెలసరి మాత్రం ఉండదు.

అతుక్కున్న లక్షణాలు స్కాన్‌లో కనిపిస్తే, కాన్పు జరగవలసిన చోటు మారిపోతుంది. 24 గంటలూ బ్లడ్ బ్యాంకు, అనుభవం ఉన్న మత్తు వైద్యులు, అవసరమైతే మూత్రాశయాన్ని సరిచేయగల యూరాలజిస్టు, తల్లికి ఐసీయూ, నెలలు నిండని బిడ్డకు ఎన్‌ఐసీయూ, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉండాలి. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రుల్లోనూ, కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఇవి దొరుకుతాయి. మొదటి కాన్పు చేసిన డాక్టరు గారి మీద మీకు ఎంత గౌరవం ఉన్నా, ఆ నర్సింగ్ హోమ్‌లో రక్తం దొరకకపోతే వారు కూడా ఏమీ చేయలేరు. మంచి డాక్టర్లు తామే ఈ మాట చెప్పి పంపిస్తారు.

ముహూర్తం గురించి. కాన్పు తేదీని ఈసారి నిర్ణయించేది మాయ. రక్తస్రావం లేని ప్రీవియాలో సాధారణంగా 36 నుంచి 37 వారాల మధ్య, మాయ అతుక్కుందన్న అనుమానం ఉంటే ఇంకొంచెం ముందే, 34 నుంచి 36 వారాల మధ్య ఆపరేషన్ పెడతాం. నొప్పులు మొదలయ్యేలోపు చేయాలన్నది ఉద్దేశం. ఆ వారంలో ఏ రోజు అన్నది కూడా బృందం అంతా ఆసుపత్రిలో ఉండే పగటి వేళను బట్టి, రక్తం సిద్ధంగా ఉండడాన్ని బట్టి కుదురుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు మంచి లగ్నం ఉందని ఎవరైనా అంటే, ఆ వేళకు ఆ బృందంలో సగం మంది ఉండరని మీ మామయ్య గారికి వినయంగా చెప్పండి. పగటి వేళలో డాక్టర్లు ఇచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకటి ఎంచుకోవాలని వారు కోరితే అందులో అభ్యంతరం ఏమీ లేదు. రక్తస్రావం మొదలైతే మాత్రం అదే ముహూర్తం.

సమాధానం 5 (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం)

డాక్టరు మేడమ్ గారు చెప్పినవాటిలో ఊళ్లో చేసుకోవలసిన ఏర్పాట్లు రాస్తున్నాను. బి నెగటివ్ రక్తం మన దగ్గర తక్కువ మందికి ఉంటుంది, అప్పటికప్పుడు దొరకడం కష్టం. మీ అన్నదమ్ముల్లో, మేనమామల్లో, మీ ఆయన స్నేహితుల్లో ఆ గ్రూపు ఎవరికుందో ఇప్పుడే కనుక్కుని, కనీసం ముగ్గురు నలుగురి ఫోన్ నంబర్లు కార్డు వెనక రాసి పెట్టుకోండి. ఓ నెగటివ్ వారి నుంచి కూడా మీకు రక్తం తీసుకోవచ్చు. కాన్పు చేయించుకునే ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు మీ గ్రూపు సంగతి 32 వారాలలోపే తెలియజేయమని అడగండి.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టర్లు గర్భిణులను చూస్తారు. ఆ రోజు వెళ్లి మీ కార్డు మీద ప్రమాదకర గర్భిణి అని గుర్తు వేయించుకోండి. ఆ గుర్తు చూస్తే రాత్రి వేళ డ్యూటీలో ఉన్న కొత్తవారికి కూడా మీ సంగతి ఒక్క చూపులో అర్థమవుతుంది. పరీక్షలకు వెళ్లి రావడానికి 102 వాహనం ఉంది. రక్తం కనిపించినప్పుడు మాత్రం 108కే చేయాలి, ఆటోలో బయలుదేరవద్దు. ఫోన్‌లో మాట్లాడేవారికి మొదటి వాక్యంలోనే ‘మాయ కింద ఉంది, పాత ఆపరేషన్ ఉంది, రక్తం పోతోంది’ అని చెప్పండి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో వారు దానిని బట్టి నిర్ణయిస్తారు. ఎంత రక్తం పోయిందో డాక్టర్లకు తెలియడం కోసం తడిసిన గుడ్డలను పారేయకుండా ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. దారిలో ఆకలి వేసినా ఏమీ తినవద్దు, తాగవద్దు, వెళ్లగానే ఆపరేషన్ అవసరం కావచ్చు.

హైదరాబాద్ స్కాన్‌కు వెళ్లేటప్పుడు మొదటి సిజేరియన్ డిశ్చార్జి కాగితం కూడా తీసుకెళ్లండి అమ్మా. అప్పుడు కోత ఎలా పెట్టారన్నది అందులో ఉంటుంది, దానిని చూస్తే వారికి పని సులువవుతుంది.